అమ్మ మిగిల్చిన నాలుగు మాత్రలు

తిరుత్తణిలో మా ఇంటికి మళ్ళీ పోళీలు రావడం మొదలైంది. చూడగానే నాకు ఒళ్ళు మండింది.

ఆ బొబ్బట్ల రుచి నాకు పాతదే. మా అమ్మకు రొమ్ము కేన్సరని తెలిసేసరికే ముదిరిపోయింది. మద్రాసు డాక్టర్లు ఒక మాత్రల అట్ట చేతికిచ్చి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పళ్ళిపట్టు నుంచి, పొన్నేరి నుంచి చుట్టాలు పోళీలు, అమ్మకిష్టమైనవన్నీ చేసుకుని దిగారు. అమ్మ పొలానికి పోలేదు. పొద్దంతా నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని జడ వేసింది, విప్పి మళ్ళీ వేసింది. అంత సంబరంగా గడిచిన రోజులు నాకు మరి లేవు. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ సంబరం ఆరు రోజులే. అట్టలో నాలుగు మాత్రలు మిగిలాయి.

తర్వాత నన్ను పెంచింది మా చిన్నమ్మ తిరుమలమ్మ. ఇప్పుడు అదే జబ్బు ఆమెకు. పోయిన నెల తిరువళ్ళూరు ఆస్పత్రిలో రొమ్ము తీసేశారు. గడ్డ చిన్నదే, చంకలోకి పాకలేదు. ఆ గడ్డను పరీక్షకు పంపారు. రిపోర్టు రాగానే డాక్టరమ్మ తమిళంలో విడమరిచి చెప్పింది. రొమ్ము కేన్సరంతా ఒకటి కాదట, రకాలున్నాయట. చిన్నమ్మది ఒంట్లోని ఆడ హార్మోను అందితేనే పెరిగే రకం, అదీ నిదానంగా. ఆ హార్మోను అందకుండా చేస్తే చాలు, కీమో అక్కర్లేదు. రోజుకొక మాత్ర, అయిదేళ్ళు.

నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నమ్మ మాత్రం రైలు దిగేదాకా మాత్రల అట్టను అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉంది. చుట్టాలకు ఏం చెప్పిందో ఏమో, వారం తిరక్కుండానే పోళీలు దిగాయి. ఆదివారం నేనుంటున్న ఆవడి నుంచి వెళ్ళేసరికి తన చెవి కమ్మలు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది.

అనుమానమొచ్చి బీరువా తెరిచాను. మాత్రల అట్టలో ఒక్కటీ తగ్గలేదు.

"ఏమిటికి మింగలేదు?" అని అరిచాను.

"ఎదురింటి అలిమేలమ్మకు ఎనిమిది తూర్లు కీమో పెట్టినారు, సూదులేసినారు. ఆమె బతుకుతాది గాబట్టి. నాకు మాత్రలిచ్చి పంపేసినారు, మీ యమ్మకిచ్చినట్ల. నాకు తెలీదా మంజూ? అక్కను ఒళ్ళో పండుకోబెట్టుకోని తోడుకొచ్చింది నేనే కదా."

"ఆమెది హెర్ టూ అని వేరే రకం, దురుసుగా పెరిగేది. దానికి ఆ మందు, నీదానికి ఈ మందు. డాక్టరమ్మ అంతసేపు చెప్తే చెవులు యాడ పెట్టినావు?"

"చెప్తారు. అక్కకూ బాగానే చెప్పినారు."

అట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాను. "అమ్మకు ఎన్ని దినాలకిచ్చినారు?" అన్నాను.

"పది దినాలకు."

"నీకు?"

చిన్నమ్మ అట్టను పక్కకు నెట్టింది.

"చెప్పు చిన్నమ్మా."

"అయిదేండ్లకు."

"సచ్చేవాళ్ళకు అయిదేండ్లకు రాస్తారా ఎవురైనా?"

చిన్నమ్మ అట్టను మళ్ళీ దగ్గరికి లాక్కుంది. తర్వాత మెల్లగా అడిగింది. "అక్కది ఏ రకం?"

"తెలీదు. అప్పుడు ఎవురూ చూడలేదు."

ఇద్దరం ఏడ్చాం. ముప్పై ఏళ్ళుగా ఏడవాల్సిన ఏడుపు అది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, చిన్నమ్మ ఒక మాత్ర మింగి నీళ్ళు తాగింది. ఆపైన నా ముందు చెయ్యి చాపింది.

"ఆ కమ్మలిట్లియ్యి. ఇంగ అయిదేండ్లు నేనే పెట్టుకోవాల."