ఎల్‌టీ పలకలు

సుభద్ర బకెట్లో గుడ్డ ముంచి కారు తుడుస్తోంది. చెరకు లారీలు చిమ్మిన బురద అద్దాల దాకా ఎండిపోయి ఉంది. ముందున్న నంబరు పలక మీద ఎల్‌టీ అన్న రెండక్షరాలు కనబడేదాకా రుద్దింది. ఫిజీలోని ఈ లంబాసాలో ఎవరినడిగినా చెప్తారు, ఎల్‌టీ అంటే టాక్సీ. ఆ అక్షరాలు లేకుండా మనుషుల్ని ఎక్కించుకుంటే దొంగబండి.

కారు ఆమె భర్త అప్పన్నది. అక్షరాలు మాత్రం అతని అన్న సింహాద్రివి. పంతొమ్మిదేళ్ల కిందట ఇంటి పెద్ద పేరునే పర్మిట్ తీసుకోవడం మర్యాద అనుకున్నారు. ఏటా గడువు దగ్గరపడగానే అప్పన్న, దంచి నీళ్లలో కలుపుకుని మత్తుకు తాగే యంగోనా వేళ్ల కట్ట పట్టుకుని అన్న ఇంటికి వెళ్లేవాడు. ఇద్దరూ కూర్చుని తాగేవారు, అన్న సంతకం పెట్టేవాడు. పేరు మార్పించమని సుభద్ర ప్రతిసారీ గుర్తుచేసేది. అన్నను కాగితం అడగడానికి నోరెలా వస్తుందని అప్పన్న విసుక్కునేవాడు.

ఆ ఉదయం సింహాద్రి వచ్చాడు. చొక్కా జేబులో పానా ఉంది. టీ తాగి, తన అల్లుడికి మిల్లులో పని పోయిందనీ, పర్మిట్ అతనికి ఇస్తున్నాననీ, పలకలు తీసుకెళ్తాననీ చెప్పాడు.

అప్పన్న లేచాడు. అడ్డం చెప్తాడనుకుంది సుభద్ర. అతను అన్న జేబులోని పానా తీసుకున్నాడు.

"నీకు నడుం నొప్పి కదన్నా, నేనే విప్పుతాలే" అని బండి ముందు కూర్చున్నాడు.

సుభద్ర చేతిలో గుడ్డ బకెట్లోకి విసిరేసింది. నీళ్లు ముగ్గురి మీదా పడ్డాయి.

"రేపట్నుంచి ఏం తోల్తావయ్యా? చక్రాల కుర్చీనా?"

"ఊరుకోవే."

"పంతొమ్మిదేళ్లు ఊరుకున్నా. బావగారూ, ఈ బండి ఒక్క రోజైనా తోలారా మీరు? ఒక్క టైరైనా మార్చారా?"

సింహాద్రి తలుపు వైపు చూస్తూ, ఆడవాళ్లకు ఆఫీసు సంగతులు తెలియవమ్మా అన్నాడు.

ఆమెకు ఒకటి మాత్రం తెలుసు. పర్మిట్ ఒకరిది, తోలేది ఇంకొకరు అని రవాణా ఆఫీసులో తెలిస్తే అది రద్దవుతుంది. అప్పుడది అల్లుడికీ దక్కదు, తమకూ దక్కదు. ఆ మాటే పైకి అంది. సింహాద్రి మొహం నల్లబడింది. పానా తిప్పుతున్న అప్పన్న చెయ్యి ఆగింది.

"ఇంటి పరువు తీస్తావా?" అన్నాడు అప్పన్న, నేల చూస్తూ.

"పరువు మీ అన్నదమ్ములిద్దరూ పంచుకోండి. నాకు ఆ రెండక్షరాలు కావాలి. పేరు మార్చే కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టమను."

అప్పన్న అన్న వైపు చూశాడు. మళ్లీ పానా తిప్పసాగాడు. మొదటి బోల్టు ఊడి సిమెంటు మీద పడింది.

సుభద్ర లోపలికెళ్లి తడి చీర మార్చుకుంది. అప్పన్న పేరున్న పంతొమ్మిదేళ్ల పెట్రోలు రసీదుల సంచి చంకన పెట్టుకుంది. ఇద్దరి మధ్యగా నడిచి, గేటు దాటి, రవాణా ఆఫీసుకెళ్లే బస్సు ఆగే రోడ్డు వైపు వెళ్లిపోయింది.