ఎండలో పెట్టిన రివెట్లు

ఫ్రీజర్ మూత ఎత్తగానే తెల్లటి ఆవిరి.

ముఖానికి తగిలింది. కనురెప్పలకు తగిలింది. మెడ వెనక సన్నగా జారిపోయింది...

అడుగున ఒకే ఒక్క గిన్నె. గిన్నె నిండా రివెట్లు. గోరంత తలలు, పొట్టి కాళ్ళు, ఒంటినిండా మంచు. ముట్టుకుంటే వేలికి అతుక్కునేంత చలి.

కోడలు గిన్నె బయటికి తీసింది.

అప్పుడే తీయకూడదు. ఆ సంగతి ఆ షెడ్డులో చీపురు పట్టేవాళ్ళకు కూడా తెలుసు.

అది విమానాల షెడ్డు. పెద్ద విమానాలు కావు. పొలాల మీద మందు చల్లే చిన్నవి. రెక్కలు సొట్టలు పడి వస్తాయి, బాగుపడి వెళ్తాయి. రెక్క మీది రేకుల్ని పట్టి ఉంచేవి ఈ రివెట్లే. అల్యూమినియంలో కాస్త రాగి కలిపిన లోహం. దాని తీరే వేరు. ఉక్కునైతే కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. ఇది మెత్తబడుతుంది.

మెత్తబడి ఊరుకోదు.

ఎవరూ ముట్టుకోకుండా, ఎవరూ అడగకుండా, గిన్నెలో పడి ఉండగానే లోలోపల గట్టిపడటం మొదలుపెడుతుంది. చలిలో పెడితే ఆగుతుంది. వెచ్చబడితే మళ్ళీ మొదలు.

అందుకే ఫ్రీజర్. అందుకే తీసిన వెంటనే కొట్టేయాలి. మెత్తగా ఉండగా కొడితే కొన చక్కగా అణిగి గుండీలా పరుచుకుంటుంది. చోట్లో కూర్చున్నాక తీరిగ్గా గట్టిపడుతుంది, ఇక రెక్కను వదలదు. ఆలస్యం చేస్తే — పగులుతుంది.

గట్టిపడటం తప్పు కాదు. చోటు చేరకముందే గట్టిపడటం తప్పు.

షెడ్డు తలుపులోంచి పొద్దుటెండ పడుతోంది. నేల మీద చాప పరిచినట్టు పడుతోంది. కోడలు అటూ ఇటూ చూసి, గిన్నెను ఆ ఎండలో పెట్టింది.

ఎందుకంటే — అత్త వేళ్ళు.

ఏళ్ళ తరబడి గన్ పట్టిన వేళ్ళు. గన్‌తో రివెట్టు కొడుతుంటే రేకు ఒక్కటే అదరదు. చెయ్యి అదురుతుంది, భుజం అదురుతుంది, దవడ అదురుతుంది. అదిరి అదిరి ఆ వేళ్ళలో నెత్తురు దారి తప్పింది. చలి తగిలితే చాలు, కొనలు సుద్దముక్కల్లా తెల్లబడతాయి. ముందు నొప్పి. తర్వాత మొద్దు.

అత్త ఏనాడూ చెప్పలేదు.

కోడలు ఏనాడూ అడగలేదు.

చూసింది, అంతే. చెంబు ఎత్తేటప్పుడు రెండో చెయ్యి సాయం రావడం చూసింది. పనికోటు గుండీలు పెట్టుకోలేక, ముద్దు చేస్తున్నట్టు మనవరాల్ని పిలిచి పెట్టించుకోవడం చూసింది. అడిగితే ఏమంటుందో తెలుసు. "నా వేళ్ళకేం, నీ కళ్ళు చూపించుకో" అంటుంది. షెడ్డులో అందరూ ఆమెను తుపాకమ్మ అంటారు, వెనకాల. ముందర అనడానికి ఎవరికీ గుండె చాలలేదు. ఇంట్లో వంట చేసేది కొడుకు. ఉప్పెక్కువైన రోజున అమ్మ ఒక్క మాట అనదు. లేచి వెళ్ళి చెంబెడు నీళ్ళు తెచ్చుకుని కంచం పక్కన పెట్టుకుంటుంది. పాపం అతనికి అదే చాలు.

ఇవాళ ఆ అత్తకు పరీక్ష.

వయసు పైబడ్డవాళ్ళకు ఏటా ఉండే పరీక్షే. ఇన్‌స్పెక్టరు ఎదుట ఒక రేకు మీద ఒక వరస రివెట్లు కొట్టాలి. వరస బాగుంటే గన్ చేతిలో ఉంటుంది. బాగుండకపోతే ఇంటికి. గన్ లేని అత్త... రోజంతా ఒక మూల కూర్చుని, కొడుకు కూరల్లో ఉప్పు చూసుకుంటూ... ఊహించుకుంటేనే కోడలికి గుండె తరుక్కుపోయింది.

కాస్త చలి విరగనీ అనుకుంది. కాసేపే కదా అనుకుంది. ఇన్‌స్పెక్టరు గుమ్మంలోకి వచ్చేశాడుగా అనుకుంది.

ఇన్‌స్పెక్టరు ఆ గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఎవరో టీ ఇచ్చారు. టీతో పాటు కబుర్లు. ఒక కబురు తోక పట్టుకుని ఇంకో కబురు. ఎండ జరుగుతోంది. గిన్నెలో మంచు కరిగింది. తడి ఆరింది. రివెట్లు మెరుస్తున్నాయి, ఏ పాపం ఎరగనట్టు. తీసి లోపల పెడదామని కోడలు లేచేసరికి అత్త వచ్చి గిన్నె అందుకుంది.

రేకుకు ఇటు అత్త. అటు కోడలు.

అత్త రివెట్టు దూర్చి గన్ ఆనిస్తుంది. కోడలు అవతల ఇనపదిమ్మ అదిమి పట్టుకుంటుంది. దెబ్బ అత్తది, ఓర్పు కోడలిది అని షెడ్డులో నవ్వుకుంటారు. ఒకరికొకరు కనపడరు. అణిగిన కొన కోడలి వైపే ఉంటుంది కాబట్టి బాగా వచ్చిందో లేదో చెప్పాల్సింది ఆమే. ఆ మోతలో నోరు పనికిరాదు. దిమ్మతో రేకు మీద తట్టాలి. ఒకసారి తడితే, బాగుంది. రెండుసార్లయితే, ఇంకాస్త కొట్టు. మూడుసార్లయితే, పాడైంది. అత్త పనికి కోడలు వంక పెట్టగలిగేది ఈ భూమ్మీద ఇక్కడొక్కచోటే.

గన్ మోగింది. దిమ్మ అదిరింది.

మోత ఆగింది. కోడలు దిమ్మ తీసి చూసింది.

అంచున వెంట్రుకంత గీత...

పగులు.

తట్టింది. మూడుసార్లు.

ఇంకో రివెట్టు. మళ్ళీ మోత. మళ్ళీ గీత. మళ్ళీ మూడుసార్లు తట్టింది.

ఇంకోటి. అదీ అంతే.

మామూలుగా అయితే ఈపాటికి "దిమ్మ సరిగ్గా పట్టుకున్నావా లేదా?" అని అవతల నుంచి అరుపు వచ్చేది. రాలేదు. కోడలు ఎదురు చూసింది. అరుపు రాలేదు, గన్ మోగలేదు. భయం వేసి రేకు అంచు మీదుగా తొంగి చూసింది.

అత్త గన్ బల్ల మీద పెట్టేసింది.

అరచేతిలో ఒక రివెట్టు. గుప్పిట మూస్తోంది. తెరుస్తోంది. మూస్తోంది. తన వేళ్ళకేసి తానే కొత్తవాళ్ళను చూసినట్టు చూస్తోంది.

"రాసేయండి సార్," అంది. "నా చేతుల పని అయిపోయింది. ఇవాళ చలి కూడా తెలియలేదు నాకు. మంచులోంచి తీసిన రివెట్టు పట్టుకున్నా తెలియని వేళ్ళు ఇంకెందుకు?"

ఇన్‌స్పెక్టరు మంచివాడే. పెన్ను తీశాడు గానీ రాయలేదు. "తొందరేం లేదు పెద్దమ్మా," అన్నాడు.

కోడలు గిన్నెకేసి చూసింది.

చెబితే అందరి ముందు పరువు పోతుంది. రేపటి నుంచి షెడ్డులో తలెత్తుకోవడం కష్టం, ఇంట్లో అంతకన్నా కష్టం. చెప్పకపోతే... చెప్పకపోతే ఆ వేళ్ళు చచ్చిపోయాయని అత్త నమ్మేస్తుంది. బతికున్నన్నాళ్ళూ నమ్మేస్తుంది.

"అత్తయ్యా... చలి లేదు."

"ఏంటి?"

"రివెట్లకే చలి లేదు. నేనే పొద్దున తీసి ఎండలో పెట్టాను. మీ వేళ్ళు తెల్లబడతాయని. కాసేపే అనుకున్నా. ఆలస్యమైపోయింది... అవి గట్టిపడిపోయాయి అత్తయ్యా. అందుకే పగులుతున్నాయి. మీ చేతుల్లో ఏం లోపం లేదు."

షెడ్డులో అందరూ ఇటు తిరిగారు. కొలిమి దగ్గర బాబాయి — కొలిమి చూసే పెద్దాయనను అందరూ అలాగే పిలుస్తారు — పట్టకారు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు.

అత్త గుప్పిట తెరిచింది. రివెట్టును చెంపకు ఆనించుకుంది.

వెచ్చగా ఉంది.

గిన్నెలోంచి ఇంకోటి తీసి ఆనించుకుంది. అదీ వెచ్చగా ఉంది.

కోడలు తిట్ల కోసం తల వంచుకుని నిలబడింది.

"అయితే..." అంది అత్త. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని కోడలికి అప్పుడే తెలిసింది. "అయితే నా వేళ్ళకు తెలుస్తోందన్నమాట. ఇవి వెచ్చగా ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయి కాబట్టే చలి తెలియలేదు. అంతేనా అమ్మాయ్?"

"అంతే అత్తయ్యా."

"అంతేనా?"

"అంతే."

అత్త నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రాణం లేచివచ్చిన మనిషిలా ఒక్క ఊపిరి పీల్చుకుని — అప్పుడు మొదలుపెట్టింది. "బుద్ధుందా నీకు? ఇన్నేళ్ళు దిమ్మ పట్టినదానివి, ఎండేయడానికి ఇవేమన్నా తడిబట్టలా?" తిట్టింది. తనివితీరా తిట్టింది. కోడలు తనివితీరా విన్నది.

"మరి ఇప్పుడెలా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఫ్రీజర్‌లో ఇంకేమీ లేవుగా?"

"లేకపోతేనేం?" అన్నాడు బాబాయి. "ఆ గిన్నె ఇటివ్వండి. ఇంకోసారి కాలుస్తా."

ఆ లోహంలో ఉన్న మంచితనం అదే. గట్టిపడింది మళ్ళీ మెత్తబడుతుంది. కాల్చాలి — కరిగేదాకా కాదు, కరగడానికి కాస్త ముందు దాకా. లోపల గుంపులు కట్టిన రాగి విడిపోతుంది, మళ్ళీ అంతటా కలిసిపోతుంది. అప్పుడు నీళ్ళలో ముంచాలి. అంతే, మళ్ళీ మొదటికొస్తుంది.

కొలిమి పని కొలిమి చేస్తోంది. అత్తాకోడళ్ళు పగిలిన రివెట్లను డ్రిల్లుతో తీసేస్తున్నారు. ఈసారి ఇద్దరూ రేకుకు ఒకే వైపున ఉన్నారు.

"నా వేళ్ళ సంగతి నీకెప్పట్నుంచి తెలుసు?"

"మీ గుండీలు పాప పెట్టడం మొదలైనప్పట్నుంచి."

"దొంగదానా. అడగొచ్చుగా?"

"అడిగితే నీ కళ్ళు చూపించుకో అంటారు."

అత్త డ్రిల్లు ఆపి ఆలోచించింది. "అనేదాన్నే," అని ఒప్పుకుంది.

బాబాయి కేక వేశాడు. తీగబుట్ట కొలిమిలోంచి బయటికొచ్చింది. నీళ్ళలో మునిగింది. చుయ్యిమంది... ఆవిరి లేచింది. షెడ్డు కప్పు దాకా లేచి, వెలుతురులో కాసేపు ఆడి, కనపడకుండా పోయింది.

తడి రివెట్లు. ఇప్పుడే మునిగినవి. ఇప్పుడు మెత్తగా ఉన్నవి. ఫ్రీజర్ అక్కర్లేదు, మంచు అక్కర్లేదు. వెంటనే కొడితే చాలు.

అత్త రివెట్టు దూర్చింది. గన్ మోగింది. దిమ్మ అదిరింది. కోడలు చూసింది — గుండ్రంగా, నున్నగా, గీత లేకుండా.

తట్టింది. ఒక్కసారే.

మళ్ళీ మోత. మళ్ళీ ఒక్కసారే.

మళ్ళీ... మళ్ళీ... ఇన్‌స్పెక్టరు కోడలి వెనక నిలబడి టార్చి వేస్తున్నాడు. వెలుగు ఒక్కో కొన మీదుగా జరుగుతోంది. ఎక్కడా ఆగలేదు.

ఇక చివరి రివెట్టు. గన్ మోగాల్సిన చోట మోగలేదు.

కోడలు దిమ్మ దించింది.

"బాబాయ్!" అని పిలిచింది అత్త. ఇన్‌స్పెక్టరు వింటున్నాడని ఆమెకు తెలుసు. అందరూ వింటున్నారని తెలుసు. "రేపట్నుంచి నావి ఫ్రీజర్‌లో పెట్టకు. కొన్ని కొన్ని కాల్చి, తడిగా ఉండగానే ఇవ్వు. చలి తగిలితే నా వేళ్ళు నొప్పెడుతున్నాయి."

అత్త ఆ మాట అనడం అదే మొదటిసారి. ఇంట్లో కూడా అనలేదు. చీకట్లో తనలో తాను కూడా అనుకుని ఉండదు.

బాబాయి, "అడిగితే ఎప్పుడో ఇచ్చేవాణ్ణిగా," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు తలెత్తి రేకు అవతలికి చూశాడు. ఇంకా ఏమీ రాయలేదు.

"ఏంటే, నిద్రపోతున్నావా?" అంది అత్త, అవతల నుంచి. "దిమ్మ పెట్టు."

కోడలు కళ్ళు తుడుచుకుని దిమ్మ పెట్టింది.