నా గుండె వేసిన తాళం

మోకాలి ఆపరేషన్ తర్వాత మా అమ్మాయికి ఇదే మొదటి నాట్య ప్రదర్శన. తాళం వేసేది కంప్యూటర్. నా ఛాతీకి కట్టిన పట్టీ నా గుండె వేగాన్ని దానికి చెబుతుంది. ఆ వేగంతోనే స్పీకర్లలో డ్రమ్ము మోగుతుంది, దానికి తగ్గట్టే అమ్మాయి ఆడాలి.

"నా గుండె ఎందుకే? అసలే పిరికిది," అన్నాను.

"కడుపులో ఉన్నప్పుడు నేను విన్నది అదేగా అమ్మా!"

ఆట మొదలై, అది మొదటిసారి గాల్లోకి ఎగరగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. డ్రమ్ము వేగం పెరిగింది, దాని అడుగులూ పెరిగాయి. దాని మోకాలు వణకడం చూసి ఇంకా హడలిపోయాను. డ్రమ్ము ఇంకా పరిగెత్తింది.

"పిన్నిగారూ, తనని మీరే పరిగెత్తిస్తున్నారు," అంది నా పక్కనే కూర్చుని కంప్యూటర్ చూసే అమ్మాయి.

"అయితే ఆపెయ్యవే తల్లీ ఆ మిషను!"

"ఆపితే మీ అమ్మాయి నన్ను చంపేస్తుందండీ. మీరే నెమ్మదించండి."

ఎలా నెమ్మదించను? అది పుట్టినప్పటి నుంచి దాని మీద నుంచి తిప్పని కళ్ళను గట్టిగా మూసుకున్నాను. చంటిపిల్లగా దాన్ని గుండెల మీద నిద్రపుచ్చినప్పటిలా మెల్లగా ఊపిరి తీసుకున్నాను. కాసేపటికి డ్రమ్ము నిదానించింది. చెక్క నేల మీద దాని అడుగులూ నిదానించాయి.

చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. చూస్తే డ్రమ్ము మళ్ళీ పరిగెడుతుందని, ఆట ముగిసేదాకా కళ్ళు తెరవలేదు.