ఆవపువ్వు రంగు చీర

సాయంత్రం ఐదున్నరకు ఏలుమలై నీళ్ళ ట్యాంకు దగ్గర డ్యూటీ దిగి, సైకిలు మీద ఇంటికొచ్చి, మొహం కడుక్కుని మిద్దె మెట్ల మీద కూర్చుంటాడు. ఆరింటికి తిరుపతి నర్సింగు హాస్టలు నుంచి కూతురు ఆర్తి ఫోనులో నవల చదివి వినిపిస్తుంది. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఏలుమలైకి ఆ అక్షరాలు రావు; చదివింది తమిళ బడిలో. ఆర్తి కూడా తిరుపతి పోయాకే నేర్చుకుంది. ఆమెకు చదవడం అలవాటవ్వాలని ఆదివారం సంతలో ఆ నవల ఏలుమలైయే కొని పంపాడు. అట్ట మీద పూలు, పడవ, పడవలో జంట. నాలుగు అరటిపళ్ళు కొన్నా తిప్పి తిప్పి చూసే మనిషి, పుస్తకం మాత్రం బొమ్మ చూసి కొనేశాడు.

ఆ ఇంటివాళ్ళు ఏ కథ చదివినా, తెల్లారేసరికి అందులోని మనుషుల బట్టలు మిద్దె మీద దండేనికి ఆరుతుంటాయి. ఏలుమలై తల్లి కథలు చెప్పే రోజుల్లోనూ అంతే. ఈ నవల మొదలైనప్పటి నుంచి నాయిక ఆవపువ్వు రంగు చీర, నాయకుడి తెల్లచొక్కాలు పక్కపక్కనే ఊగుతున్నాయి.

"అన్నా, మీ హీరోయిన్ చీర రంగు దిగతా ఉండాది. నా దుప్పటికి అంటుకునింది. ఆ చివర ఆరేసుకోమని చెప్పు," అంది పక్కింటి వెళ్ళైయమ్మాళ్.

"చెప్తే వింటాదా? యాభై పేజీలుగా ఎవరి మాటా వినలేదు."

"ప్రేమలో ఉండాదిలే, పాపం."

ఆర్తీ ప్రేమలోనే ఉంది. అబ్బాయి గుణశేఖరన్, అక్కడే ల్యాబులో పని. వచ్చే నెల రిజిస్ట్రారు ఆఫీసుకొచ్చి తమ పెళ్ళికి సాక్షి సంతకం పెట్టమని తండ్రిని అడిగింది. "అచ్చం మన పుస్తకంలో ఆయన మాదిరే నాయనా," అంది. దూరాన ఉన్న పిల్ల. ఔనంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో. అయినా ఆ నాయకుడంటే ఏలుమలైకి ఇష్టం పుట్టింది. ఆదివారం సరే అనేద్దామనుకున్నాడు.

ఇంతలో కథ దారి మారింది. నాయకుడు ఆమె ఉత్తరాలు విప్పి చూశాడు. చెల్లెలింటికి పోనివ్వలేదు. దండెం మీద తెల్లచొక్కాలు పెరిగాయి, చీర కనబడడం మానేసింది. శుక్రవారం నాటి పేజీలో అతను ఆమె చెయ్యి మెలిపెట్టాడు.

"ఆపు పాపా! వాడికేం పొయ్యేకాలం?"

"ఆమె అంటే పిచ్చి నాయనా. పోతాదేమోనని భయం, అందుకే అట్ల."

ఆ జవాబు మరీ తొందరగా వచ్చింది. ఏమిటో తెలియని పుస్తకాన్ని నా చేతులారా పిల్లకిచ్చానే అని ఆ పూట ఏలుమలైకి అన్నం సయించలేదు.

శనివారం పొద్దున మిద్దెక్కితే వరసగా తెల్లచొక్కాలు. వాటి మధ్య ఒక పచ్చ చుడీదారు, కుడిచెయ్యి భుజం దాకా చినిగి. అరియాంకుప్పం టైలరు చేత ఏలుమలై కుట్టించినదే. మెడకు పసుపు అంచు కావాలని ఆర్తి అలిగిన చుడీదారు.

వెంటనే ఫోను చేశాడు. "పాపా, నీ పచ్చ చుడీదారు యాడుండాది?"

"పెట్టెలో. ఏంది నాయనా?"

"నా దండెం మీద ఆరతా ఉండాది. చెయ్యి చినిగి ఉండాది."

పెట్టె తెరిచిన చప్పుడు. బట్టలు కదిలిన చప్పుడు. పెట్టె మూసిన చప్పుడు.

"ఈడ లేదు నాయనా. పోయిన వారం చినిగింది," అంది. "ఏదో కోపంలో. మళ్ళా వాడే ఏడ్చినాడు."

తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి. పిల్లకు తగులుతాయని మింగేశాడు. "నేను బయల్దేరతా ఉండా. సంతకానికి కాదు."

"వద్దు. నువ్వొస్తే వాడితో కొట్లాడతావు. నేనే వస్తా." మళ్ళా తనే అడిగింది, "పుస్తకం ఏం చేసేది?"

"ఆపిన పేజీలోనే ఉండనీ."

మధ్యాహ్నమంతా కూర్చుని పచ్చదారంతో ఆ చెయ్యి కుట్టాడు. కుట్లు వంకరగా పడ్డాయి. ఆదివారం ఆర్తి బస్సు దిగింది.

సోమవారం పొద్దున వెళ్ళైయమ్మాళ్ బకెట్టుతో మిద్దెక్కింది. తెల్లచొక్కా ఒక్కటీ లేదు. కుట్టిన చుడీదారు, దాని పక్కన ఆవపువ్వు రంగు చీర, కొంగు నుంచి నీళ్ళు కారుతూ. కింద మెట్ల మీద తండ్రీకూతుళ్ళు కాఫీ తాగుతున్నారు.

"ఏందన్నా, ఆమె గూడా వచ్చేసిందా?"

"వచ్చేసింది," అన్నాడు ఏలుమలై.

వెళ్ళైయమ్మాళ్ చీరకు బాగా ఎండ తగలనిచ్చి, తన దుప్పటిని తీసుకెళ్ళి ఆ చివర ఆరేసింది.