నలభై ఒకటో నంబరు రక్తం

ల్యాబు పట్టికలో నలభై ఒకటో నంబరును కొట్టేసింది ఆమే. మూడు నెలల కిందట, ఎర్ర కలంతో, అడ్డంగా ఓ గీత. లూపస్ అనే జబ్బు మీద పరిశోధనలో పోలిక కోసం తీసుకున్న ఆరోగ్యవంతుల రక్తాల్లో అదొక్కటే పేట్రేగిపోయింది. సొంత ఒంటినే శత్రువనుకునే యాంటీబాడీలు రోగుల కన్నా ఎక్కువ!

"మెషిన్‌కి పిచ్చెక్కినట్టుంది, తీసెయ్యమ్మా," అన్నారు డాక్టరుగారు. ప్రతిదీ రెండుసార్లు చూసి ల్యాబంతటి చేతా 'చాదస్తం' అనిపించుకునే టెక్నీషియన్ ఆమె; ఆ రోజు మాత్రం చెల్లెల్ని స్కానింగుకు తీసుకెళ్లే తొందరలో సరేననేసింది.

ఇవాళ జన్యువుల పట్టిక వచ్చింది, ఎవరిలో ఏ పూర్వీకుల వాటా ఎంతో చెబుతూ. ఒకానొక పూర్వీకుల వాటా ఎక్కువున్నవాళ్లలో ఆ యాంటీబాడీలు ఎక్కువని, జబ్బు బయటపడడానికి ఏళ్ల ముందే మొదలవుతాయని డాక్టరుగారి అనుమానం. నలభై ఒకటి సరిగ్గా ఆ గుంపులోనే ఉంది.

"అయితే మెషిన్ తప్పు కాదన్నమాట," అన్నారాయన, కుర్చీ ముందుకు లాక్కుని. "ఇంకో విచిత్రం చూడు. నలభై ఒకటీ నలభై ఆరూ తోబుట్టువులట. మనకి రక్తమిచ్చిన అక్కాచెల్లెళ్లెవరమ్మా?"

ఆమె పట్టికలో ఆ రెండు నంబర్ల మీదా వేలు పెట్టింది.

"నేనూ, మా చెల్లీ సార్."

మనుషులు చాలక అప్పట్లో తన చెయ్యి చాపింది, చెల్లెల్నీ లాక్కొచ్చింది. సూదంటే భయమక్కా అని అది మొత్తుకుంటే, "చీమ కుట్టినట్టుంటుంది, నోర్మూసుకుని రావే" అంది. అప్పటికింకా దానికి నెల తప్పలేదు. ఇప్పుడు ఆరో నెల. గొట్టాల మీద పేర్లుండవు, నంబర్లే; ఏది ఎవరిదో ఆమెకూ తెలీదు. పూర్వీకులు ఇద్దరికీ ఒక్కరే, ఆ యాంటీబాడీలు పుట్టింది మాత్రం ఒక్కరిలో.

అలాంటి యాంటీబాడీలు కొన్ని కడుపులో బిడ్డ దాకా పోతాయి. చిట్టి గుండె లయ తప్పుతుంది. ఇవన్నీ ఆమెకు కొట్టిన పిండి, అదే ఆమె ఖర్మ.

ఆ నంబరు నాదే కావాలి దేవుడా, నాదే కావాలి. ఆ ఒక్క మాటే జపిస్తూ తన చేతికి తనే పట్టీ బిగించింది. రక్తం తీసింది. మెషిన్ ముందు నుంచి కదల్లేదు.

యాంటీబాడీల జాడే లేదు, శుభ్రం. మళ్లీ పెట్టింది. మళ్లీ శుభ్రమే.

జబ్బు లేదని తెలిసి ఎవరైనా ఏడుస్తారా? ఆమె బల్ల మీద తలవాల్చి బావురుమంది. కాసేపటికి ముఖం తుడుచుకుని ఫోన్ చేసింది.

"చెల్లీ, ఉన్నపళంగా బయల్దేరి ఆస్పత్రికి రా. నేనూ వస్తున్నా."

"అయ్యో, ఏంటక్కా ఆ గొంతు? ఎవరికి బాగాలేదు?"