కోటప్పకొండ ఎందుకు అరగలేదు

నరసరావుపేట కాలేజీలో భూగోళశాస్త్రం ల్యాబు ఖాళీ చేస్తున్నారని పద్మజ ఫోను చేసిన మర్నాడే, రామబ్రహ్మం గారు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మేడ మెట్లెక్కారు. పద్మజ ఒకప్పుడు ఆయన శిష్యురాలు. ఇప్పుడు ఆయన రిటైరై వదిలిన కుర్చీలోనే లెక్చరరు.

కిటికీ కింద బల్ల మీద ఆయన నమూనా ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేసవి సెలవులన్నీ ధారపోసి, ప్లాస్టరుతో తన చేతులతో తీర్చిదిద్దిన మూడు పలకలు. మొదటి దాంట్లో నది పసిపిల్ల, ఎత్తిపోతల జలపాతంలాగ దూకుతుంది. రెండో దాంట్లో పడుచు. లోయను వెడల్పు చేస్తుంది. మూడో దాంట్లో ముసలిది. కొండలన్నీ అరగదీసి, చదునైన మైదానం మీద వంకరలు తిరుగుతూ కాళ్లీడుస్తుంది. ఆ మైదానంలో అరగకుండా మిగిలిన ఒకే ఒక గుట్టకు ఆయన ముచ్చటపడి మూడు శిఖరాలు పెట్టారు. అది కోటప్పకొండ అని ఎవరూ చెప్పకుండానే పిల్లలు గుర్తుపట్టేవారు.

“దీన్ని పారేయనివ్వను సార్,” అంది పద్మజ. “ఇక్కడే ఉంచుతాను. పక్కన ఈ కార్డు పెడదామని...”

కార్డు మీద ‘కాలం చెల్లిన సిద్ధాంతం’ అని ఉంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఇది రాసే కదమ్మా నీకు ఫస్టు క్లాసు వచ్చింది.”

“వచ్చింది సార్. కానీ నేల ఒక్కసారి లేచి, నది పని పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చుంటుందని ఇప్పుడెవరూ అనుకోవడం లేదు. మీకు తెలియనిదా?”

తెలియనిది కాదు. ఆయన బాధ వేరు. ఒక్క ప్రళయంతోనే కొండలూ లోయలూ పుట్టాయని నమ్మిన పూర్వుల సంగతి చెప్పి ఆయన క్లాసును కడుపుబ్బ నవ్వించేవారు. ఆ నవ్వుల మీదుగానే, వానా ఏరూ కోట్ల ఏళ్లు చెక్కిన నేల ఇది అంటూ తన నది పాఠం మొదలుపెట్టేవారు. ఇప్పుడు నవ్వులపాలు కావడం తన వంతు.

“ఆ కార్డు పెట్టేమాటైతే, దీన్ని చెత్త బండిలో వేయించు,” అన్నారు.

అంతలో సెకండియర్ పిల్లలు లోపలికి వచ్చి బల్ల చుట్టూ మూగారు. ఆయనెవరో వాళ్లకు తెలియదు.

“ఏందిరా ఇది, నది ముసలిదయిందంట,” అన్నాడు వాళ్లలో అభిషేక్, మూడో పలక మీది పేరు చదివి. “పెన్షన్ కూడా వచ్చిద్దేమో.”

“నోరు ముయ్యరా, పెద్దాయన ఉన్నారు,” అని హరిత గదమాయించి, మూడో పలక మీదికి వంగింది. “ఇది మన కోటప్పకొండే గదా సార్? కోట్ల ఏళ్ల నుంచి అరుగుతా ఉంటే ఇంకా అంత ఎత్తు ఎట్టా ఉంది?”

“గట్టి రాయి.”

“గట్టిదైనా అరగాలిగా సార్. చానా ఏళ్లు గదా.”

ఆయన పద్మజ వైపు చూశారు. జవాబు తెలిసీ, గురువు ముందు చెప్పడం ఇష్టంలేక ఆమె చేతిలోని కార్డు వైపు చూపు తిప్పుకుంది. గట్టి రాయి అని మరోసారి అనేసి తప్పించుకోవచ్చు. కానీ అడిగిన పిల్లకు సగం జవాబిచ్చి పంపడం ఆయన వల్ల కాలేదు.

“కృష్ణలో సరుకు పడవ చూశావా? బస్తాలు దించినకొద్దీ పడవ పైకి తేలుతుంది. నేల సంగతీ అంతే. నదులు మట్టిని కోసి సముద్రానికి మోసినకొద్దీ బరువు తగ్గి, నేల అడుగు నుంచి మెల్లగా లేస్తుంది. పైన అరుగుతూ, కింద నుంచి లేస్తూ ఉంటుంది.”

హరిత మూడు పలకలనూ మార్చి మార్చి చూసింది. “మరి ఇందులో లేవట్లేదుగా సార్?”

“ఇందులో లేవదు. దీన్ని చేసినవాడు నేలను మేకులు కొట్టి బిగించాడు.”

“ఎవరు సార్ చేసింది?”

“నేనే.”

అభిషేక్ నాలుక కరుచుకున్నాడు. “కొండ మాత్రం అచ్చం దింపారు సార్,” అన్నాడు.

రామబ్రహ్మం గారు పద్మజ చేతిలోని కార్డు అందుకొని వెనక్కి తిప్పారు. కుర్చీ లాక్కొని కూర్చొని, గుండ్రటి అక్షరాలతో రాశారు: ‘ఈ నమూనాలో నది ఒక్కటే కదులుతుంది. నిజానికి నేల కూడా కదులుతుంది. కోటప్పకొండ ఇంకా ఎందుకు నిలిచి ఉన్నదో చర్చింపుము.’ కింద తన పేరూ, పేరు పక్కన డిగ్రీ కూడా వేసి ఆమెకు అందించారు.

“అంటించేటప్పుడు వంకర పోకుండా చూడమ్మా.”