ఆరు పాయింట్ల డబ్బా

మా అన్న సర్దార్‌కి నేనంటే పడదు. నాకు వాడంటే అంతకన్నా పడదు. జడ్చర్ల చౌరస్తాలో చాయ్ తాగే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు కాబట్టి, దాన్ని దాచి మర్యాదస్థుడిలా మొదలుపెట్టడం నావల్ల కాదు. అన్నను పట్టుకుని వాడు వీడు అంటున్నాడేమిటని ఎవరైనా ముక్కు మీద వేలేసుకుంటే వేసుకోండి.

మా నాయిన గులాం నబీ బండ్ల కరెంటు పని చేసేవాడు. లారీలు, జీపులు, ట్రాక్టర్లు, ఏది ఆగిపోయినా ఆయన దగ్గరికే తోసుకొచ్చేవాళ్ళు. ఆ దుకాణంలో ఆయన పక్కన పద్నాలుగేళ్ళు కూర్చున్నవాణ్ణి నేను. సర్దార్ ఆ రోజుల్లో బొంబాయి లైన్లో లారీ తోలేవాడు. ఆరు నెలలకోసారి అత్తరు పూసుకుని దిగి, నాలుగు రోజులు మాంసం తిని వెళ్ళిపోయేవాడు. నాయిన చనిపోయి నలభయ్యో రోజు ఫాతెహా అయిందో లేదో, దుకాణంలో సగం నాది అన్నాడు. పెద్దమనుషులు కూర్చుని మధ్యలో రేకులు కొట్టించారు. రోడ్డు వైపు సగం వాడికి వచ్చింది, మురిక్కాలువ వైపు సగం నాకు. గట్టిగా అరిచేవాడికి ముందు భాగం, పని తెలిసినవాడికి వెనక భాగం. మన పెద్దమనుషుల న్యాయం ఎప్పుడూ అంతే.

ఆ వెనక భాగంలో కూర్చునే నేను ఆరు పాయింట్ల డబ్బా చేశాను. ఎనభైతొమ్మిది ఎలక్షన్లలో జీపుల మీద మైకులు కట్టేవాళ్ళు. మైకు మిషనుకో తీగ, టేపురికార్డరుకో తీగ, లైటుకో తీగ, అన్నీ తెచ్చి బ్యాటరీ మొనలకే చుట్టేవాళ్ళు. మన రోడ్ల మీద రెండు గుంతలు దిగేసరికి ఒకటి ఊడేది, ఒకటి కాలేది. నేను మందపాటి ఇనుప రేకుతో డబ్బా చేసి, బ్యాటరీ నుంచి లావు తీగలు రెండే తెచ్చి, లోపల ఆరు పాయింట్లు పెట్టాను. ఒక్కో పాయింటుకు ఒక్కో ఫ్యూజు. దుమ్మూ వానా పోకుండా మూత చుట్టూ సైకిలు ట్యూబు కోసి అంటించాను. డబ్బా బండికి బోల్టులతో బిగిస్తే, ఇక బండి బోల్తా పడ్డా మైకు ఆగదు. బోర్లు వేసేవాళ్ళు చేన్లలో లైట్లు పెట్టుకోవడానికి తీసుకుపోయారు. కరెంటు పోతే పని ఆగిపోయే వెల్డింగు దుకాణాలవాళ్ళు పాత బ్యాటరీకి తగిలించి పంకా, బల్బు నడుపుకున్నారు. రెండేళ్ళు నాకు తల ఎత్తే తీరిక లేదు.

సర్దార్ ఎవరి చేతనో ఒక డబ్బా కొనిపించి, విప్పి, లోపలి తీగలు లెక్కపెట్టుకున్నాడు. నెల తిరక్కుండా రోడ్డు వైపు దుకాణం ముందర ఎర్ర రంగు డబ్బాలు వేలాడాయి. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, మూత మీద నేను కొట్టే రివెట్ల వరస కూడా దించాడు. నేను వాడితో మాట్లాడడం ఆ రోజుతో మానేశాను.

అయితే డబ్బా విప్పి చూస్తే దొరకని సంగతి ఒకటుంది. మా నాయిన ఏ బండి వచ్చినా చెయ్యి పెట్టే ముందు దాని ఒళ్ళు అడిగేవాడు. ఒళ్ళంటే బండి ఇనుము. రెండు తీగల చిన్న బల్బు ఒకటి ఉండేది. ఒక తీగ బ్యాటరీ ప్లస్సుకు, రెండోది బండి ఇనుముకు ఆనిస్తాడు. వెలిగితే ఒళ్ళు మైనస్సు. లారీలు, జీపులు అన్నీ అంతే, నూటికి నూరూ వెలుగుతాయి. అయినా అడక్కుండా ముట్టేవాడు కాదు. బండికి సలాం కొడుతున్నాడని జనం నవ్వేవాళ్ళు. ఆయన ఎందుకు అడిగేవాడంటే, ఎప్పుడో వచ్చిన పాత ఫారిన్ ట్రాక్టర్లు కొన్నింటికి ఒళ్ళు తిరగబడి ఉంటుంది. వాటి ఇనుము ప్లస్సు. నాయిన జన్మంతా అలాంటివి నాలుగు చూశాడు, నేను రెండు చూశాను. లారీ తోలినవాడు ఒక్కటీ చూడలేదు.

నా డబ్బాలో నల్ల తీగ, అంటే మైనస్సు, డబ్బా ఇనుముకే కలిపి ఉంటుంది. తీగ ఆదా అవుతుందని అలా పెట్టాను. మామూలు బండికి బిగిస్తే డబ్బా మైనస్సే, బండి మైనస్సే, గొడవ లేదు. ఒళ్ళు తిరగబడ్డ బండికి డబ్బా ఇనుము తగిలితే మాత్రం బ్యాటరీలో ఉన్న బలమంతా ఆ నల్ల తీగలోంచి ఒక్కసారి పారుతుంది. ఆ దారిలో ఫ్యూజు లేదు. తీగ నిప్పుకడ్డీ అవుతుంది.

తొంభైఐదు ఎండాకాలం. పక్క ఊరి రైతు పెద్దులుకు రెండు బోర్లు ఎండి మూడోది పడింది. నీళ్ళు పడితే జహంగీర్ పీర్ దర్గా దగ్గర మేకలు కోసి కందూరు విందు చేస్తానని మొక్కుకున్నాడు. దేవరకొండ దిక్కు ఒక రైతు దగ్గర కొన్న పాత ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి, ట్రాలీ నిండా వరిగడ్డి పరిచి, పన్నెండుమంది ఆడవాళ్ళనూ రెండు మేకలనూ ఎక్కించాడు. ఫాతెహాకు రొట్టె, బెల్లం నలిపి మలీద కలపడానికి, పెద్దదిక్కుగా ఉండడానికి మా అమ్మ షరీఫున్నీసాను తీసుకుపోతున్నాడు. అమ్మ అప్పుడు నా ఇంట్లోనే ఉండేది. సర్దార్ ఆ ట్రాక్టరుకు తన డబ్బా పెట్టి, మైకు, టేపు, అమ్మకు గాలి కోసమని ఒక చిన్న పంకా తగిలించి, పొద్దున్న ఎనిమిదింటికి చౌరస్తాలో అందరికీ కనబడేట్టు నిలబెట్టాడు.

నేను చాయ్ గ్లాసుతో బయటికి వచ్చి ట్రాక్టరును చూశాను. గ్లాసు కింద పెట్టేశాను. నేను చూసిన రెండింటిలో అదొకటి. ఆ దేవరకొండ రైతు దానికి వైరింగు నా చేతనే చేయించుకున్నాడు.

మైకు పాడుతోంది. ఎందుకు పాడుతోందో దగ్గరికెళ్ళి చూస్తే తెలిసింది. బోల్టులకు రంధ్రాలు కొట్టే ఓపిక లేక, సర్దార్ చక్రం మీది రేకు మీద లారీ ట్యూబు ముక్క పరిచి, దానిపైన డబ్బా పెట్టి తాడుతో కట్టాడు. ఆ రబ్బరు ఒక్కటే అడ్డం. దర్గా దాకా గుంతల రోడ్డు. ట్యూబు జరిగితే ఇనుముకు ఇనుము తగులుతుంది. నల్ల తీగ ట్రాలీ గడ్డి పక్కనుంచే పోతోంది.

మూడేళ్ళ తర్వాత మొదటిసారి వాడితో మాట్లాడాను. "భాయ్, గా డబ్బా తీసెయ్. గీ బండి ఒళ్ళు ప్లస్సు."

సర్దార్ చుట్టూ ఉన్నవాళ్ళను చూసి నవ్వాడు. "మూడేండ్లకు నోరు తెరిచి గిదా చెప్పేది? మైకు పాడుతాంది. పంకా తిరుగుతాంది. ఇంకేం గావాలె నీకు?"

"ట్యూబు జరిగేదాంక పాడుతది. జరిగినంక గడ్డి అంటుకుంటది. అమ్మ గడ్డి మీద కూసున్నది."

"లతీఫు భాయ్, మంచిగ మొక్కు తీర్సుకుందామని పోతుంటె గవ్వేం మాటలు," అన్నాడు పెద్దులు. వాడి మొహం మాడిపోయింది.

"బండి ఆయనది, డబ్బా నాది," అన్నాడు సర్దార్. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

నేను దుకాణంలోకి వెళ్ళి నాయిన బల్బు తెచ్చాను. ఒక తీగ వాడి డబ్బాకు, ఇంకోటి చక్రం మీది రేకుకు ఆనించాను. బల్బు భగ్గున వెలిగింది. "చూడుండ్రి. ఇది వెలగొద్దు. వెలిగిందంటె డబ్బా వేరు, బండి వేరు. రెండు తగిలితె కాలుతది."

"బల్బు వెలిగితె ఏడ్చెటోన్ని నిన్నొక్కన్నే చూసిన," అన్నాడు సర్దార్. చౌరస్తా అంతా నవ్వింది. వాళ్ళను అనడానికి లేదు, పని తెలియకపోతే నేనూ నవ్వేవాణ్ణే.

అప్పుడు ట్రాలీలోంచి అమ్మ మాట్లాడింది. "పక్కకు జరుగు లతీఫూ. అన్న నాకు పంకా పెట్టిండని కడుపుమంట నీకు."

నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం పోనీ అనుకున్నాను. కాలితే కాలనీ, వాడి బతుకేమిటో ఊరంతా చూడనీ అనుకున్నాను. అమ్మ ఆ గడ్డి మీద లేకపోతే పోనిచ్చేవాణ్ణి. పన్నెండుమంది ఆడవాళ్ళున్నారు కదా అంటారు. ఉన్నారు. అది నాకు తర్వాత తట్టింది. నేను మంచివాణ్ణని ఎవరికీ చెప్పుకోలేదు.

జేబులోంచి కట్టింగ్ ప్లేయరు తీసి నల్ల తీగ కత్తిరించాను. పాట మధ్యలో ఆగిపోయింది. తాడు కోసి డబ్బా రోడ్డు మీద పడేశాను. నా డబ్బాకు నకలు కాబట్టి పగల్లేదు. సుత్తి తెచ్చి ఆరు పాయింట్లూ పగలగొట్టాను. మూడోదో నాలుగోదో కొడుతుండగా పెద్దులు నా చెంప మీద కొట్టాడు. సర్దార్ కొట్టలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, జనం వాడివైపు జాలిగా చూడడానికి వీలుగా.

"నువ్వు నా కడుపుల పుట్టలేదనుకుంట," అంది అమ్మ. అందరూ విన్నారు. ట్రాక్టరు మైకు లేకుండా, పంకా లేకుండా, ఎండలో కదిలింది. మలుపు తిరిగేదాకా పన్నెండుమందీ నన్నే చూశారు.

సాయంత్రానికి అందరూ క్షేమంగా తిరిగివచ్చారు. ఏమీ కాలలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. నేను చెప్పింది అబద్ధమనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? బోరు బండ్లవాళ్ళు మురిక్కాలువ వైపు రావడం మానేశారు. చాయ్ హోటల్లో నా పేరు కడుపుమంట లతీఫ్ అయింది. అమ్మ నా గడప తొక్కలేదు. పెట్టె పంపించమని కబురు చేసి, సర్దార్ ఇంట్లో ఉండిపోయింది. నా భార్య తాహేరా వెళ్ళి కాళ్ళు పట్టుకున్నా రాలేదు.

మూడు వారాలకు పెద్దులు ట్రాక్టరు మళ్ళీ సర్దార్ దగ్గరికి వచ్చింది, ఈసారి డబ్బాను బోల్టులతో బిగించడానికి. పెద్దులు సంతకు వెళ్ళాడు. నేను రేకుల ఇవతల ఒక లారీ సెల్ఫు మోటారు విప్పుతున్నాను. అవతల ఫట్‌మని చప్పుడైంది. కాలిన రబ్బరు కంపు కొట్టింది. సర్దార్ అల్లా అని కేక పెట్టాడు. రేకు సందులోంచి చూస్తే, వాడు చెయ్యి ఇసుక బకెట్టులో దూర్చుకుని ఆ ట్రాక్టరు వైపు చూస్తూ కూర్చున్నాడు. నల్ల తీగ మీది తొడుగంతా కరిగి కారిపోయింది. పెద్దులు వచ్చేలోగా ఆ తీగ తీసేసి, డబ్బా కింద చెక్క వేసి, ఇనుము ఇనుముకు తగలకుండా బిగించాడు. మొత్తానికి నేర్చుకున్నాడు.

ఇక వస్తాడు, ఒక మాట అంటాడు అని ఆ రోజంతా చూశాను. మర్నాడు కూడా చూశాను. నాలుగో రోజు శుక్రవారం, నమాజు అయ్యాక నేనే వాడి ఇంటికి వెళ్ళాను. అమ్మ అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"సర్దార్ చెయ్యి ఎట్ల కాలిందో అడిగినవా?" అన్నాను.

"అడిగిన. చెప్పిండు."

"మొత్తం చెప్పిండా?"

"మొత్తం చెప్పిండు. ఏడ్సిండు గూడ. గా దినం నువ్వు తీగ తెంపకపోతే నేను గడ్డిల కాలిపోతుంటినన్నడు."

నాకు కోపమో సంతోషమో తెలియలేదు. "మరి గదే మాట చౌరస్తల చెప్పు. పెద్దులుకు చెప్పు. కడుపుమంటతోని చెయ్యలేదని ఒక్క మాట చెప్పు."

అమ్మ తల ఎత్తలేదు. "వాని డబ్బాలు శానా బండ్ల మీద ఉన్నయి. గీ సంగతి తెలిస్తె అన్నీ ఇప్పి వాని ముంగట పారేస్తరు. వానికి వేరే పని రాదు. నీ చేతుల పని ఉన్నది, నువ్వు యాడున్నా బతుకుతవు."

"నా పేరేం గావాలె?"

"జర ఓర్సుకో."

"నేనే చెప్త పో."

అప్పుడు నా మొహంలోకి చూసింది. "చెప్పు. నువ్వు చెప్తె ఎవలు నమ్ముతరు? నేను చెప్తె నమ్ముతరు. నేను చెప్పను బేటా."

కన్నతల్లిని తిట్టకూడదంటారు. మనసులో ఏం తిట్టానో రాయను. చెప్పులు వేసుకుంటుంటే సర్దార్ లోపలినుంచి, "చాయ్ తాగిపో," అన్నాడు. దుకాణం పంచుకున్నాక వాడు నాతో మెత్తగా మాట్లాడింది అదొక్కసారే. నేను తాగలేదు, ఇప్పటికీ వాడి ఇంట్లో మంచినీళ్ళు ముట్టను. అమ్మ ఉన్నన్నాళ్ళు ఈ సంగతి బయట ఎక్కడా ఎత్తలేదు. ఆమె పోయి ఏడాదైంది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. ఇప్పటికి చౌరస్తాలో నలుగురికి చెప్పాను. నలుగురూ నవ్వారు.